టైల్స్ మేస్త్రీకి కాలు పోతే పరిహారం ఎలా లెక్కేస్తారు? 12 లక్షలకు ఒప్పుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అన్నయ్యకు 34 ఏళ్లు, వరంగల్ దగ్గర టైల్స్ మేస్త్రీ. బైకు మీద వెళ్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. మెడికల్ బోర్డు 60 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చింది. ట్రిబ్యునల్‌లో ఓపీ (పరిహారం పిటిషన్) నడుస్తోంది. ఇన్సూరెన్సు కంపెనీ లోక్ అదాలత్‌లో 12 లక్షలకు తేల్చుకుందామంటోంది. ఒప్పుకోవచ్చా, అసలు ఆ 12 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి అని మీ సందేహం.

12 లక్షలకు సంతకం పెట్టకండి. మీరిచ్చిన వివరాలతో, సర్టిఫికెట్‌లోని 60 నిలబడితే, మిగతావన్నీ మీకు ఎదురు తిరిగినా లెక్క 21 లక్షల దగ్గర ఆగుతుంది. సాక్ష్యం పద్ధతిగా పెట్టుకుంటే 50 లక్షలు దాటుతుంది. ఇంత తేడా మూడు అంకెల దగ్గరే వస్తుంది: నెల సంపాదన, సంపాదన సామర్థ్యంలో ఎంత శాతం పోయింది, కృత్రిమ కాలుకు జీవితాంతం అయ్యే ఖర్చు. మిగతా పద్దులన్నీ కలిపినా ఈ మూడింటి ముందు చిల్లర కిందే లెక్క.

ముందు ఆ 12 లక్షల సంగతి. ఇలాంటి ఆఫర్లు మామూలుగా ఇలా తయారవుతాయి: నెలకు 12,000 సంపాదన, ఏడాదికి 1,44,000, దాన్ని 16తో (వయసును బట్టి కోర్టులు వేసే గుణకం, దీన్నే మల్టిప్లయర్ అంటారు) హెచ్చిస్తే 23,04,000. అందులో 40 శాతం 9,21,600. ఆసుపత్రి బిల్లులు 2 లక్షలు, నొప్పి బాధలకు 75 వేలు. మొత్తం 11,96,600. అంటే నాలుగు చోట్ల కోత పడింది. సంపాదన తగ్గించారు. భవిష్యత్తులో కూలి పెరుగుతుందన్న మాటే లేదు. సర్టిఫికెట్‌లో 60 ఉంటే దాన్ని కూడా 40 చేశారు. కృత్రిమ కాలు పద్దుకు ఒక్క రూపాయి రాయలేదు. మీ లాయరు గారిని ఆ కంపెనీ వర్కింగ్ షీటు అడగమనండి. ఇవ్వకపోయినా నోటిమాటగా నెల సంపాదన ఎంత పట్టారో, శాతం ఎంత పట్టారో తెలిస్తే చాలు, మిగతాది వెనక్కి లెక్కేసుకోవచ్చు.

లెక్క సూత్రం

భవిష్యత్ సంపాదన నష్టం = నెల సంపాదన + పెరుగుదల, దాన్ని 12తో, ఆపైన మల్టిప్లయర్‌తో, ఆపైన సంపాదన సామర్థ్య నష్ట శాతంతో హెచ్చించాలి.

మల్టిప్లయర్ 2009 నాటి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం. 25 ఏళ్ల లోపు 18, 26 నుంచి 30కి 17, 31 నుంచి 35కి 16, 36 నుంచి 40కి 15, 41 నుంచి 45కి 14, 46 నుంచి 50కి 13. అక్కడి నుంచి 11, 9, 7, 65 దాటితే 5. చూసేది ప్రమాదం జరిగిన రోజు వయసు, తీర్పు రోజుది కాదు. మీ అన్నయ్య విషయంలో ఇది తేలిక కాదు, ఎందుకంటే ఆధార్‌లో ఒకటి, పదో తరగతి మెమోలో ఒకటి ఉంటే 35, 36 మధ్య ఒక్క గీత దాటినందుకు ఏడాది సంపాదన మొత్తం పోతుంది. పదో తరగతి మెమో ఉంటే అదే పెట్టండి.

పెరుగుదల శాతం 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ప్రణయ్ సేఠీ తీర్పుది. సొంత పని చేసుకునేవాళ్లకూ, స్థిర జీతగాళ్లకూ 40 ఏళ్ల లోపు 40 శాతం, 40 నుంచి 50కి 25, 50 నుంచి 60కి 10. పర్మనెంటు ఉద్యోగమైతే 50, 30, 15. ఇది చావు కేసులకే గానీ గాయాల కేసులకు వర్తించదని కంపెనీ లాయర్లు ఇప్పటికీ వాదిస్తుంటారు. 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ఆ తీర్పు కాపీ ఫైలులో ఉంచుకోండి.

ఇంకొక్కటి: చావు కేసులో చనిపోయినవాడి సొంత ఖర్చుల కింద మూడో వంతో నాలుగో వంతో తీసేస్తారు. గాయపడిన మనిషి బతికే ఉన్నాడు, తింటూనే ఉన్నాడు, కాబట్టి ఆ కోత ఇక్కడ ఉండదు. అలవాటు కొద్దీ మూడో వంతు తీసేసిన ఆర్డర్లు అప్పుడప్పుడూ కనిపిస్తాయి. ఆర్డరు చేతికి రాగానే మొదట చూడాల్సింది ఇదే.

మల్టిప్లయర్‌లో దాగి ఉన్న గణితం

34 ఏళ్ల మనిషి 65 దాకా పనిచేస్తాడనుకుంటే 31 ఏళ్ల సంపాదన పోయింది. మరి 31తో కాకుండా 16తోనే ఎందుకు హెచ్చిస్తారు? డబ్బు మొత్తం ఇప్పుడే చేతికొస్తుంది, బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది, అందుకని. యాన్యుటీ లెక్కలో చెప్పాలంటే, ఏటా ఒక రూపాయి చొప్పున 33 ఏళ్లు రావాల్సిన సొమ్ముకు 5 శాతం వడ్డీ మీద నేటి విలువ సరిగ్గా 16 రూపాయలు. అంటే 32 ఏళ్లవాడు 65 దాకా పనిచేస్తాడని అనుకుంటే పట్టికలోని 16 వెనక దాదాపు 5 శాతం డిస్కౌంటు ఉన్నట్టు. 45 ఏళ్లవాడికి ఇచ్చే 14ను 20 ఏళ్ల మీద విప్పి చూస్తే అది 3.7 శాతం దగ్గరికి వస్తుంది. పట్టిక ఒకే రేటు మీద కట్టింది కాదు, జడ్జీలు తీర్పుల్లోంచి కుదిర్చిన రాజీ. అయినా దేశమంతటా ఒకే పట్టిక ఉండటం వల్ల కలిగే మేలు ఆ తేడా కంటే ఎక్కువని నా అభిప్రాయం.

దీని వల్ల మీకు పనికొచ్చే విషయం: మల్టిప్లయర్ వేసిన తర్వాత 'ఒకేసారి చేతికొస్తున్నందుకు' అని మళ్లీ పది శాతమో ఇరవై శాతమో తగ్గించాలని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ఆ తగ్గింపు 16లోనే అయిపోయింది.

ఇంగ్లండ్‌లో ఇదే పనికి ఆగ్డెన్ పట్టికలు వాడతారు. అక్కడ డిస్కౌంటు రేటును ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2017లో 2.5 శాతం నుంచి మైనస్ 0.75కి దించారు, 2019లో మైనస్ 0.25, 2025 జనవరి నుంచి ప్లస్ 0.5. రేటు అర శాతం కదిలితే పెద్ద కేసుల్లో లక్షల పౌండ్లు మారతాయి. మన దగ్గర రేటు ఎవరూ ప్రకటించరు, పట్టికలో పూడ్చేశారు. అందుకే దాని మీద వాదన కూడా జరగదు.

నెల సంపాదన: ఎక్కువ కేసులు ఓడేది ఇక్కడే

'నెలకు 30 వేలు సంపాదించేవాడు' అని పిటిషన్‌లో రాసి, కాగితం ఒక్కటీ పెట్టకపోతే ట్రిబ్యునల్ తనకు తోచిన అంకె వేసుకుంటుంది. 2004 నాటి ప్రమాదంలో కూలీకి 4,500, 2008 నాటి ప్రమాదంలో కూరగాయలు అమ్మేవాడికి 6,500 అని సుప్రీంకోర్టు పట్టిన అంకెలే ఏళ్ల తరబడి కొలబద్దలయ్యాయి. ఇప్పటి ప్రమాదానికి ఆ అంకెలు చూపిస్తే ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనాల నోటిఫికేషన్ పెట్టండి. భవన నిర్మాణం పనిలో నైపుణ్యం ఉన్న కార్మికుడి రేటు, ప్రమాదం జరిగిన ఆరు నెలల కాలానికి వర్తించే కరువు భత్యంతో సహా. ఇది మీ లెక్కకు నేల, అంతకంటే కిందికి పోనివ్వకూడదు.

నేల మీద గోడ కట్టాలంటే ఇవి కావాలి:

ప్రమాదానికి ముందు 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే, గూగుల్ పే జమలు. ఇక్కడ ఒక చిక్కుంది. మేస్త్రీ ఖాతాలో పడే డబ్బంతా కూలి కాదు. ఇంటి యజమాని టైళ్లకు, సిమెంటుకు, గ్రౌటుకు పంపిన డబ్బు కూడా అదే ఖాతాలో పడుతుంది. మొత్తం జమలు కూడి 12తో భాగించి నెలకు 48 వేలు అని చూపిస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండు ఎంట్రీలు పట్టుకుని మొత్తం స్టేట్‌మెంటునే కొట్టేస్తారు. కాబట్టి మీరే ముందు మెటీరియల్ డబ్బు, హెల్పర్ కూలి తీసేసి, నెలవారీ నికర కూలి పట్టిక చేయండి.

ఆ 12 అంకెల్లో సగటు కాకుండా మధ్యస్థం చూపించండి, అంటే చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేరిస్తే నడుమ పడే అంకె. 12 నెలలు కాబట్టి నడుమ ఉన్న రెండింటి సగటు. ఒక అపార్ట్‌మెంటు కాంట్రాక్టు తగిలిన నెల సగటును పైకి లాగేస్తుంది, కంపెనీ లాయరు వేలు పెట్టి చూపించేది ఆ నెలనే. మధ్యస్థం అలా ఊగదు. చూడటానికి తక్కువగా ఉన్నా కోర్టులో నిలబడుతుంది.

రోజు కూలి లెక్క చెప్పేటట్టయితే 30 రోజులతో హెచ్చించకండి. వానలు, పండగలు, మాలు రాని రోజులు పోతే నెలకు 22 నుంచి 24 రోజులు. రోజుకు 900 అయితే 22 రోజులకు 19,800. నిజాయితీగా 19,800 అన్నవాడికి 15 వేలకు పైగా పట్టే జడ్జి, 27 వేలు అన్నవాడికి 12 దగ్గర ఆపడం వింతేం కాదు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉంటే వృత్తి రుజువవుతుంది. పని ఇచ్చిన కాంట్రాక్టరునో బిల్డరునో సాక్షిగా పిలవాలి. అతను రాసిచ్చిన కాగితం మాత్రమే పెట్టి మనిషిని బోను ఎక్కించకపోతే ఆ కాగితానికి విలువ లేదు. ప్రమాదం తర్వాత వేసిన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ దండగ, నమ్మరు. పైగా మిగతా సాక్ష్యం మీద కూడా అనుమానం వస్తుంది.

లెక్క కోసం 15,000 పట్టారనుకుందాం. 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. 16తో 40,32,000. అంటే వైకల్యంలో ఒక్కొక్క శాతం విలువ 40,320 రూపాయలు. ఈ అంకె గుర్తుపెట్టుకుని ముందుకు చదవండి.

సర్టిఫికెట్‌లోని 60, తీర్పులో రావాల్సిన శాతం వేరు

సదరం సర్టిఫికెట్ గానీ, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ గానీ పింఛన్లు, రిజర్వేషన్ల కోసం చేసిన కొలత. శరీరం ఎంత పోయిందో చెబుతుంది. సంపాదన ఎంత పోయిందో చెప్పదు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది: ముందు ఏ పనులు చేయగలడు, ఏవి చేయలేడు అని చూడాలి, తర్వాత అతని వృత్తి, వయసు చూడాలి, ఆపైన ఆ వృత్తి గానీ వేరే పని గానీ చేసి ఎంత సంపాదించగలడో తేల్చాలి. ఎడమ చెయ్యి పోతే శరీర వైకల్యం 60 దగ్గర ఉండొచ్చు. అతను డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన నష్టం దాదాపు నూటికి నూరు, ఉద్యోగం నిలిచిన ప్రభుత్వ గుమాస్తా అయితే ఏమీ లేకపోవచ్చు అని ఆ తీర్పులోనే ఉదాహరణ ఉంది. అది రెండు వైపులా పదునున్న కత్తి. అదే కేసులో సర్టిఫికెట్‌లో కాలుకు 45 శాతం ఉంటే కోర్టు సంపాదన నష్టం 20 శాతమే పట్టింది. 2014లో మాత్రం, కాలు తీసేసిన కూరగాయల వ్యాపారికి హైకోర్టు ఇచ్చిన 65ను సుప్రీంకోర్టు 85కు పెంచింది.

టైల్స్ మేస్త్రీ పని దగ్గరికొద్దాం, ఎందుకంటే జడ్జి ముందు కనపడాల్సింది ఈ దృశ్యమే. పొద్దున్నుంచి గొంతుక్కూర్చునే ఉంటాడు. మాలు పరుస్తాడు, రెండడుగుల టైలును రెండు చేతులతో దించుతాడు, రబ్బరు సుత్తితో తడతాడు, లెవెల్ పెట్టి చూస్తాడు, లేవకుండానే వెనక్కి జరుగుతాడు. రోజుకు కొన్ని వందల సార్లు. మధ్యలో ముప్పై కిలోల టైల్స్ పెట్టె, యాభై కిలోల సిమెంటు బస్తా మెట్ల మీద మొయ్యాలి. మోకాలి కింద కృత్రిమ కాలు పెట్టుకున్నవాడు నడుస్తాడు, బైకు కూడా నడపగలడు. పూర్తిగా గొంతుక్కూర్చోవడం దగ్గర ఆగిపోతుంది: చాలా రకాల పాదాలకు చీలమండ దగ్గర వంగే గుణం లేదు, సాకెట్ (మిగిలిన కాలును దూర్చే గిన్నె లాంటి భాగం) వెనక అంచు తొడకు నొక్కుకుంటుంది. జైపూర్ పాదం గొంతుక్కూర్చోవడానికి వీలుగా చేసిందే కదా అని కంపెనీ లాయరు అడుగుతాడు. నిజమే, అందుకే డాక్టరు నోట 'కాసేపు కూర్చోగలడు, రోజంతా అదే భంగిమలో బరువు దించుతూ పనిచేయలేడు, ఎండాకాలం సాకెట్‌లో చెమట పట్టి మొండి కాలు పుండవుతుంది' అని రికార్డులోకి రావాలి.

కాబట్టి డాక్టరును బోను ఎక్కించాల్సిందే. సర్టిఫికెట్ ఎగ్జిబిట్‌గా మార్కు చేసి వదిలేస్తే అది కాగితంగానే మిగులుతుంది. డాక్టరును అడిగించాల్సినవి: ఈ 60 కాలుకా, మొత్తం శరీరానికా? శాశ్వతమా? మోకాలి కింద ఎన్ని సెంటీమీటర్ల మొండి కాలు మిగిలింది, మోకాలు ఎంతవరకు వంగుతోంది? గొంతుక్కూర్చోవడం, నిచ్చెన ఎక్కడం, బరువు మొయ్యడం, ఈ మూడింటిలో ఏది వీలవుతుంది? మొదటి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. కాలుకు 60 అనేది శరీరం మొత్తానికి 60 కాదు. ఆ తేడా డాక్టరు చెప్పకపోతే జడ్జి తనంతట తాను సగమో మూడో వంతో చేసేస్తారు.

ఇంకో గాయం ఉంటే, ఉదాహరణకు అదే ప్రమాదంలో మణికట్టు విరిగి 15 శాతం ఇచ్చారనుకోండి, 60, 15 కలిపి 75 అనకూడదు. వైకల్యం కొలిచే ప్రభుత్వ మార్గదర్శకాల్లోని కలుపు సూత్రం వేరు: పెద్ద అంకెకు, చిన్న అంకెను తొంభైలో మిగిలిన భాగంతో హెచ్చించి కలపాలి. ఇక్కడ 60 + 15 × (90 − 60) ÷ 90 = 65. బోర్డులోనే కలపకుండా రెండు సర్టిఫికెట్లు తెచ్చుకుంటే ఈ తగాదా తప్పదు.

ఇక శాతం ఎంత అడగాలి? నా పద్ధతి నేరుగా రూపాయల్లోంచి రావడం. ఇప్పుడు ఏం చేస్తున్నాడు, ఎంత వస్తోంది? పాత కుర్రాళ్లకు పని చూపిస్తూ, కొలతలు తీస్తూ నెలకు 4,000 వస్తున్నాయనుకుందాం. 15,000లో 11,000 పోయింది, అంటే 73 శాతం. ఏమీ రావడం లేదు, చదువు ఏడో తరగతి, వేరే పని తెలియదు అంటే 80 నుంచి 85 అడగడం సబబు. వస్తున్నది దాచకండి. సైటులో నిలబడి తీసిన ఫొటో ఒక్కటి ఫేస్‌బుక్‌లో దొరికితే మిగతా సాక్ష్యం అంతా మునిగిపోతుంది. నూరు శాతం అడగమని చెప్పే వాళ్ల మాట వినొద్దు. టైల్స్ వెయ్యలేని మనిషి కూర్చుని చేసే పని ఏదీ చెయ్యలేడని నిరూపించడం కష్టం.

60 దగ్గర 24,19,200. 73 దగ్గర 29,43,360. 80 దగ్గర 32,25,600. డాక్టరును పిలిపించే ఖర్చు, శ్రమ దేనికోసమో ఈ అంకెలే చెబుతాయి.

ప్రపంచ వ్యాధి భార లెక్కల్లో వాడే 'డిజేబిలిటీ వెయిట్' పట్టికలు ఇంటర్నెట్‌లో చూసి కొందరు ఫైలులో పెడుతున్నారు. అవి జనాభా స్థాయిలో ఆరోగ్య నష్టం కొలవడానికి. కాలు పోవడానికి అక్కడ ఇచ్చే అంకె చాలా చిన్నది. దాన్ని మీరే కోర్టుకు ఇస్తే మీ కాలికి మీరే గొడ్డలి వేసుకున్నట్టు.

కృత్రిమ కాలు: కొటేషన్ ఒక్కటి చాలదు

ఒక కాలు ధర రాసిన కొటేషన్ పెడితే ట్రిబ్యునల్ ఒక కాలుకే డబ్బిస్తుంది. కాలు జీవితకాలం, లైనర్లు (సాకెట్ లోపల మొండి కాలుకు వేసుకునే మెత్తని తొడుగులు) ఎన్నాళ్లకు మార్చాలి, రిపేరు ఏడాదికి ఎంత, ఈ మూడూ అదే కొటేషన్ మీద రాయించాలి. దాన్ని తయారుచేసిన ప్రాస్థెటిస్టును సాక్షిగా పిలవాలి. 2022లో మహమ్మద్ సాబీర్ కేసులో సుప్రీంకోర్టు జీవితాంతం మార్చుకోవాల్సిన కాళ్లను, మెయింటెనెన్సును విడిగా లెక్కలోకి తీసుకుంది. ఆ తీర్పు ఇక్కడ పనికొస్తుంది.

కొటేషన్ 1,80,000, జీవితకాలం 5 ఏళ్లు అనుకుందాం. 34 నుంచి 70 దాకా అంటే ఇప్పుడొకటి, ఆపైన అయిదేళ్లకొకటి చొప్పున మొత్తం 8 కాళ్లు. నేటి ధరలోనే 14,40,000. ఇక్కడ డిస్కౌంటు వెయ్యాలా? భవిష్యత్తు ధర పెరుగుతుంది, చేతిలో డబ్బుకు వడ్డీ వస్తుంది. లెక్కలోకి వచ్చేది ఈ రెండింటి తేడా మాత్రమే. వడ్డీ ధరల కంటే 2 శాతం ఎక్కువ అనుకుంటే 8 కాళ్లకు నేటి విలువ దాదాపు 10,45,000. 5 శాతం ఎక్కువ అనుకుంటే 7,13,000. వైద్య ఖర్చులు ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీతో సమానంగా పెరుగుతున్నాయంటే డిస్కౌంటే లేదు, 14,40,000. నేనైతే మూడూ పట్టికలో చూపించి 2 శాతం దాన్ని అడుగుతాను. ఒకే అంకె ఇచ్చి పట్టుబట్టేవాడి కంటే మూడు ఇచ్చి మధ్యది అడిగేవాడి మాట చెల్లుతుంది.

లైనరు, సాక్సులు, రిపేర్లకు ఏడాదికి 20,000 అయితే చాలామంది 16తోనే హెచ్చించి 3,20,000 అంటారు. 2020 నాటి కాజల్ కేసులో పన్నెండేళ్ల పాపకు ఇద్దరు ఆయాల జీతం కలిపి నెలకు 10,000, ఏడాదికి 1,20,000, మల్టిప్లయర్ 18తో 21,60,000 ఇచ్చారు కాబట్టి ఈ పద్ధతికి బలం ఉంది. నా దృష్టిలో ఇది తక్కువ లెక్కే. మల్టిప్లయర్ సంపాదన వయసుకు కట్టినది, కాలు 65 తర్వాత కూడా కావాలి. 36 ఏళ్లకు 2 శాతం మీద అంకె 25.5 వస్తుంది. అయినా కోర్టుకు అలవాటైన దారి కాబట్టి 16 అడగడమే క్షేమం.

70 ఏళ్లే ఎందుకంటే, 2016–20 కాలానికి మన దేశంలో పుట్టినప్పటి ఆయుర్దాయం 70. ఇందులో పసిపిల్లల మరణాలు కూడా కలిసి ఉన్నాయి. ఇప్పటికే 34 దాటిన మనిషికి సగటు అంతకంటే ఎక్కువే ఉంటుంది. 'ఆయుర్దాయం 70 కాబట్టి అంతకు మించి ఒక్క ఏడాది ఇవ్వకూడదు' అంటే గణాంకం తప్పుగా చదివినట్టు.

ఉచితంగా కాళ్లిచ్చే సంస్థలున్నాయి కదా అని అడుగుతారు. దాతృత్వం మీ అన్నయ్యకు, లారీ యజమానికి కాదు. అయితే ఇప్పటికే అలాంటి కాలు వాడుతుంటే దాచకుండా చెప్పి, అది ఎన్నాళ్లు వచ్చింది, పనికి ఎందుకు చాలదు అన్నది ప్రాస్థెటిస్టుతో చెప్పించండి.

మిగతా పద్దులు

బిల్లులు ఒరిజినల్స్ కావాలి, మందుల బిల్లుకు వెనక చీటీ ఉండాలి. ఆరోగ్యశ్రీలో అయిన ఆపరేషన్‌కు మీ చేతి నుంచి డబ్బు పోలేదు, ఆ మొత్తం అడగలేరు. కానీ తోడున్న మనిషి కూలి, తిండి, రాకపోకల ఖర్చు అడగొచ్చు. పని మానేసిన నెలల కూలి వేరు పద్దు, 8 నెలలైతే 1,20,000. నొప్పి బాధలు, జీవన సుఖాలు కోల్పోవడం, వీటికి సూత్రం లేదు. తొడ భాగం దాకా తీసేసిన కేసుల తీర్పులు పెట్టి పోల్చమంటే తిరగబడుతుంది, మోకాలి కింద కేసులే వెతకండి.

హెల్మెట్ లేదని 20 శాతం కోయాలంటారు. తలకు దెబ్బ తగలనప్పుడు హెల్మెట్‌కు, కాలు పోవడానికి సంబంధం ఏమిటని ఒక్క ప్రశ్న చాలు. వెనక నుంచి లారీ గుద్దినట్టు చార్జిషీట్‌లో, సీన్ పంచనామా స్కెచ్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి.

అన్నయ్య ఆ రోజు కాంట్రాక్టరు పని మీద వెళ్తున్నాడంటే ఉద్యోగుల పరిహార చట్టం దారి కూడా ఉంది (2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, ఈ లెక్క అంతకుముందు జరిగిన ప్రమాదాలకు). అక్కడ తప్పెవరిదో చూడరు. 15,000 జీతం పరిమితి మీద 60 శాతం అంటే 9,000, 34 ఏళ్లకు ఫ్యాక్టరు 199.40, వైకల్యం 60 శాతం అయితే 10,76,760. కృత్రిమ కాళ్లకు ఇలాంటి జీవితకాల లెక్క అక్కడ లేదు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి, మీకు మోటారు వాహనాల చట్టమే మేలు.

ఇప్పుడు సెటిల్‌మెంటు లెక్క

బాగా నడిస్తే: సంపాదన నష్టం 32,25,600, బిల్లులు 2,10,000, పని మానేసినది 1,20,000, కాళ్లు 10,45,000, మెయింటెనెన్సు 3,20,000, నొప్పి, సుఖ నష్టం 3,00,000, తోడు, తిండి, రవాణా 60,000. మొత్తం 52,80,600.

60 నిలిచి మిగతావన్నీ ఎదురైతే: నెలకు 12,000, శాతం 60 దగ్గర ఆగింది, 19,35,360. బిల్లుల్లో 1,80,000 నమ్మారు, పని నష్టం 72,000, కాలుకు ఊరికే 3,00,000, నొప్పి 1,50,000, ఇతరాలు 40,000. మొత్తం 26,77,360. పైగా 20 శాతం తప్పు మీ అన్నయ్యదే అన్నారు, 21,41,888. కేసే నిలవని ప్రమాదం పదోవంతు అనుకున్నా 19 లక్షల పైచిలుకు. 12 లక్షలు దీనికి చాలా దూరం.

అయితే మీరు రాయని ఒక విషయం ఈ నిర్ణయాన్ని మార్చగలదు: అప్పు. కేసు తేలడానికి మూడేళ్లు పడితే ట్రిబ్యునల్ ఏటా 7.5 శాతం దాకా వడ్డీ ఇస్తుంది, అది కూడా భవిష్యత్ వైద్య ఖర్చుల మీద చాలా చోట్ల ఇవ్వరు. ఆసుపత్రికి మీరు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే అది ఏటా 24 శాతం. చక్రవడ్డీ అయితే మూడేళ్లలో అప్పు దాదాపు రెండింతలు. 19.3 లక్షలకు మూడేళ్ల వడ్డీ కలిపి 23.6 లక్షలు, దాన్ని ఈ 24 శాతంతో నేటికి తెస్తే 12.4 లక్షలు. ఆఫర్ ఎందుకు తీపిగా కనిపిస్తుందో, ఎవరికి కనిపిస్తుందో అర్థమైంది కదా. కానీ ఆ రేటు అప్పు ఉన్నంత మేరకే వర్తిస్తుంది. అప్పు 3 లక్షలైతే, ఆ 3 లక్షలు బంగారం మీదో బ్యాంకు లోనులోకో మార్చుకోవడం, మొత్తం కేసును 12కి అమ్ముకోవడం కంటే చాలా చవక.

లోక్ అదాలత్‌కు వెళ్లండి, వెళ్లడంలో తప్పు లేదు. అక్కడ అవార్డు అయితే మాత్రం దాని మీద అప్పీలు లేదు. ఒకసారి వేలిముద్ర పడితే అంతే. లోపలికి వెళ్లేముందు ఒక కాగితం మీద మీ కింది గీత రాసి పెట్టుకోండి. నేనైతే ఈ వివరాలతో 28 లక్షలకు దిగువన ఒప్పుకోను. డాక్టరు, ప్రాస్థెటిస్టు సాక్ష్యం అయిపోయాక ఆ గీత 38 దగ్గరికి జరుగుతుంది. కంపెనీ కూడా ఆ రెండు డిపాజిషన్లు చదివాకే అసలు అంకె చెబుతుంది. కాబట్టి వచ్చే వాయిదాకు డాక్టరు సమన్లకు పిటిషన్ వేయించండి, ప్రాస్థెటిస్టు దగ్గర జీవితకాలం రాసిన కొత్త కొటేషన్ తెచ్చుకోండి, ఫోన్‌పే స్టేట్‌మెంటులో మెటీరియల్ ఎంట్రీలకు పెన్సిలుతో గుర్తులు పెట్టడం ఈ రాత్రే మొదలుపెట్టండి.